ఇత్తడి మీద సున్న

ఇంగ్లీషు అక్షరాలు చెక్కినంత కాలం ఆ మిషను బుద్ధిగానే ఉంది. బాపట్లలో జరిగిన సైన్సు ప్రదర్శనలో అల్యూమినియం రేకు మీద పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలతో స్వాగతం చెక్కి చూపిస్తే జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే రాజారత్నం కొంప ముంచాయి. అవి చెవుల్లో ఉండబట్టే, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు నిండు చర్చిలో లేచి నిలబడి, ఎవరూ అడక్కుండానే మాటిచ్చేశాడు.

రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో ఉంది ఆయన పుట్టిన పల్లె. తెనాలి టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగమొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, పండగ ఆదివారాలకి భార్య దేవకుమారితో సహా అక్కడికే వెళతాడు. ఆ ఈస్టరుకి చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. గోడలకి కొత్త సున్నం, కిటికీలకి కొత్త రంగు. ఆరాధన అయ్యాక ఎవరూ కదలొద్దని, చేతుల్లో తాటిమట్టలు అలాగే ఉండగా, సెక్రటరీ ఆశీర్వాదం మాస్టారు లేచారు. బెజవాడలో చెక్కుతున్న ఇత్తడి పలక మీద ఏమేం రాయిస్తున్నారో చదివి వినిపించారు. అంతా ఇంగ్లీషే. మొదట మిషనరీ దొరల పేర్లు, దొరసానుల పేర్లు. తర్వాత గంట ఇచ్చినవాళ్ళు, పైకప్పు వేయించినవాళ్ళు, ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళు, కుర్చీలు ఇచ్చినవాళ్ళు.

ముందు వరసలో చాప మీద జ్ఞానమ్మగారు చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని వింటోంది. ఎనభై దాటిన మనిషి. కళ్ళకి పొరలు కమ్మి నాలుగేళ్ళయింది. ఆ పల్లెకి బైబిలు స్త్రీగా వచ్చి అక్కడే ముసలిదైపోయింది. పగలు ఇళ్ళకి తిరిగి ప్రార్థనలు చేసేది, పొద్దుగూకాక కూలికెళ్ళి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి చేటలో ఊక పోసి వేలితో అక్షరాలు దిద్దించేది. రాజారత్నం తండ్రి వేలిముద్ర మాని సంతకం పెట్టింది ఆవిడ వల్లే. రాజారత్నానికి అఆలు వచ్చిందీ ఆ చేటలోనే. సున్న సరిగ్గా తిరక్కపోతే చేట ఒక్క కుదుపు కుదిపి, ఊక చదును చేసి, మళ్ళీ దిద్దమనేది. ఎంత ఏడ్చినా వదిలేది కాదు.

మాస్టారు చదవడం అయిపోయింది. ఆవిడ పేరు రాలేదు.

"మాస్టారూ, జ్ఞానమ్మగారి పేరేదండీ?" అన్నాడు రాజారత్నం, కూర్చున్న చోటినుంచే.

"జాగా చాల్లేదబ్బాయ్. పలక కొలతలు ఎప్పుడో ఇచ్చేశాం."

"కుర్చీలిచ్చినవాళ్ళకి చాలిందిగా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్చీలిచ్చినాయన నవ్వలేదు. రాజారత్నానికి ఒళ్ళు మండిపోయింది. యాభై ఏళ్ళు ఈ మట్టిలో నడిచిన మనిషికి జానెడు జాగా లేదట! ఆ మంటలోనే లేచి నిలబడ్డాడు. "అయితే నేను చెక్కుకొస్తానండి. వేరే పలక, తెలుగులో. నా దగ్గర మిషనుంది."

ఆశీర్వాదం మాస్టారు కళ్ళజోడు తీసి ఆయనకేసి చాలాసేపు చూశారు. రిటైరైన హెడ్మాస్టరు, ఎవరినైనా అలాగే చూస్తారు. "చెక్కు. శనివారం సాయంత్రానికి నా చేతిలో ఉండాలి. ఆదివారం పొద్దున్నే ఆవిష్కరణ. అందంగా ఉంటేనే గోడకెక్కుద్ది, లేకపోతే లేదు. ముందే చెబుతున్నా."

"నాకెందుకయ్యా పలకలూ గిలకలూ," అంది జ్ఞానమ్మగారు చాప మీది నుంచి. అని ఊరుకోకుండా, పక్కనున్నావిడ భుజం తట్టి మెల్లిగా అడిగింది. "ఏం రాస్తారంటే?"

ఆ ప్రశ్న రాజారత్నం చెవిన పడింది. గోడకి పలక పెట్టడం యాభై ఏళ్ళకోసారి జరిగే పని. ఈసారి తప్పితే ఆవిడకి మరోసారి లేదు. తిరుగు రైల్లో తెనాలి చేరేదాకా మోకాలి మీద వేలితో ఆవిడ పేరు దిద్దుకుంటూ కూర్చున్నాడు.

*

మంగళవారం సాయంత్రం ఎక్స్చేంజి నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా, మారీసుపేటలోని అద్దింటి వసారాలో మిషను ముందు కూర్చున్నాడు. దేవకుమారి గళ్ళ కాగితం మీద పేరూ, దాని కింద వరసలూ పెద్దగా రాసిచ్చింది. ఆవిడ స్కూల్లో మూడో తరగతికి చెబుతుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. గళ్ళు లెక్కపెట్టి ఆ వంపులన్నీ కంప్యూటరుకి ఎక్కించడానికి సోమవారమంతా పట్టింది. వంపులెలా తిరుగుతాయో ముందొక సున్నతో చూద్దామని ఇత్తడి ముక్క బిగించి మీట నొక్కాడు. కట్టరు కిర్రుమంటూ ఒక చుట్టు తిరిగి పైకి లేచింది. పొడి ఊది, బొటనవేలితో తుడిచి చూశాడు.

పైనా కిందా, కుడిపక్కా ఎడంపక్కా, నాలుగుచోట్ల ఎవరో ఆకురాయి పెట్టి అరగదీసినట్టు చదునుగా ఉంది. మరొకటి చెక్కించాడు. అదీ అంతే. పెద్దది చెక్కించాడు, చిన్నది చెక్కించాడు. చిన్నది మరీ ఘోరం.

దేవకుమారి కాఫీ గ్లాసు పట్టుకుని వంగి చూసింది. "ఇదేంటండీ, సున్నకి మూలలొచ్చాయి?"

"మూలలు కావు, చదును."

"ఏదైతేనేం. మా పిల్లలు ఇలా రాస్తే చెరిపించి మళ్ళీ రాయిస్తాను." గ్లాసు ఆయన చేతికిచ్చి ఇంకాస్త వంగింది. "జ్ఞానమ్మగారి పేరు ఇలాంటి వంపులతో చెక్కి పెడితే ఆవిణ్ణి గౌరవించినట్టా, ఎగతాళి చేసినట్టా?"

రాజారత్నం కాఫీ పక్కన పెట్టి ఇత్తడి ముక్కని మళ్ళీ తిప్పి చూశాడు. ఇంగ్లీషు పెద్దక్షరాలంటే నిలువుగీతలూ అడ్డగీతలూ. గీత ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఎవరు కనిపెడతారు? తెలుగు అలా కాదు. సున్న, అరసున్న, వంపు, కొమ్ము, తలకట్టు, అన్నీ తిరుగుడే. తిరిగిన ప్రతిచోటా ఇత్తడి బిగించిన బల్ల ఒకవైపు వెళ్ళేది ఆగి రెండోవైపు మళ్ళాలి. మళ్ళిన ప్రతిసారీ ఆ మిషను తడబడుతోంది. ప్రదర్శనలో ఒక్క తెలుగక్షరమైనా చెక్కించి చూడాలన్న ఇంగితం తనకూ లేకపోయింది, చప్పట్లు కొట్టినవాళ్ళకీ లేకపోయింది.

మర్నాడు ఎక్స్చేంజి నుంచే రేపల్లెకి ఫోను చేశాడు. "చలపతీ, కొట్టు కట్టేసి రా. కొంప మునిగింది."

చలపతిరావుకి రేపల్లె బస్టాండు దగ్గర మోటార్లకి తీగ చుట్టే కొట్టుంది. బాపట్లలో ఐటీఐ చదివిన నాటినుంచి ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్. మిషను ఇద్దరిదీ. పాత డ్రిల్లింగు మిషను బల్ల చలపతిరావు తెచ్చాడు. మద్రాసు పాతసామాన్ల బజారులో పాడైపోయిన కంప్యూటర్లలోంచి ఊడదీసిన మోటార్లు, ఎన్‌కోడర్లు రాజారత్నం తెచ్చాడు. రెండేళ్ళుగా సెలవు దొరికితే చాలు ఈ వసారాలో చేరి కొట్టుకోవడం, తిట్టుకోవడం, బిగించడం, విప్పడం.

మధ్యాహ్నం బండికి దిగిన చలపతిరావు సున్నల్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి పెదవి విరిచాడు. "నట్టు లూజురా. మళ్ళినప్పుడల్లా స్క్రూ కాస్త ఉత్తినే తిరుగుతోంది. బల్ల కదలట్లా."

"ఉత్తినే తిరిగిందని కంప్యూటరుకి తెలియాలిగా? తెలియట్లేదెందుకు? ఎన్‌కోడరు మోటారు తోకకి పెట్టావు కాబట్టి! నేను ఆనాడే చెప్పాను."

"లోకంలో అందరూ అక్కడే పెడతారు."

"లోకంలో అందరూ ఇంగ్లీషు చెక్కుకుంటారు."

ఎన్‌కోడరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అంచు చుట్టూ సన్నటి గీతలున్న అరచేతిలో పట్టే చక్రం, దానికి ఒకపక్క లైటు, రెండోపక్క ఆ గీతలు లెక్కపెట్టే కన్ను. ఎంత తిరిగిందో అది చెబుతుంటే, ఇంకెంత తిప్పాలో కంప్యూటరు మోటారుకి చెబుతుంది. ఇలా చూసుకుంటూ తిరిగే మోటారునే సర్వో అంటారు. కానీ ఆ కన్ను ఎక్కడ పెడితే అక్కడి సంగతే దానికి తెలుస్తుంది. మోటారుకీ బల్లకీ నడుమ ఒక బెల్టుంది, స్క్రూ ఉంది, నట్టు ఉంది. నాట్లు ఎంతవరకూ వచ్చాయో పొలానికి వెళ్ళకుండా చావిట్లో కూర్చుని రాసేసినట్టుంది మోటారు తోకకున్న ఎన్‌కోడరు వ్యవహారం.

"తీసి బల్లకే పెడదాం. బల్ల కదిలితేనే గీత కదలాలి," అన్నాడు రాజారత్నం.

"వద్దురా. వణుకుద్ది."

"ఏం వణకదు."

"నా మాట విను. నట్టులో లూజు అలాగే ఉంచి బల్లని చూడమంటే, చలి జ్వరం వచ్చినట్టు వణుకుద్ది."

రాజారత్నం వినలేదు. అసలే శనివారం ముంచుకొస్తోంది. ఎన్‌కోడర్లు రెండూ మోటార్ల నుంచి ఊడదీశాడు. బల్ల పక్కన రేకు ముక్కలు బిగించి, చిన్న కప్పీలకి సన్నటి ఉక్కుతీగ రెండు చుట్లు చుట్టి, బల్ల కదిలితే కప్పీతో పాటు చక్రం తిరిగేలా అమర్చాడు. చలపతిరావు స్టూలు మీద కూర్చుని పకోడీలు తింటూ చూశాడు తప్ప చెయ్యి వెయ్యలేదు. అడిగితే మాత్రం స్క్రూడ్రైవరు అందించాడు, అదీ మొహం అటు తిప్పుకుని.

*

వణికింది. మామూలుగా కాదు. గురువారం పొద్దున్నే కరెంటు పెట్టీ పెట్టగానే బల్ల గజగజలాడి, కంప్యూటరు మీదున్న పెన్నులు రాలిపడ్డాయి. మోటారు కాస్త తిరుగుతుంది, నట్టులో లూజు ఉంది గనక బల్ల కదలదు. కదల్లేదని ఎన్‌కోడరు చెబుతుంది. మోటారు ఇంకా గట్టిగా లాగుతుంది. అప్పుడు బల్ల ఒక్కసారి దూకి గీత దాటేస్తుంది. దాటిందని మళ్ళీ వెనక్కి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. కట్టరు టప్‌మని విరిగి గోడకి తగిలింది.

"నేను చెప్పలా," అన్నాడు చలపతిరావు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"చెప్పావులేరా! చెప్పడం తప్ప ఏం చేశావు? పకోడీలు తిన్నావు!"

"తినక? నువ్వేమైనా చెయ్యనిచ్చావా? నీ పంతం నీది. చర్చిలో లేచి మాటిచ్చేటప్పుడు నన్నడిగావా?"

"అడిగితే ఏమనేవాడివి?"

"ఇవ్వమనేవాణ్ణి!" అని అరిచాడు చలపతిరావు. అరిచాక తనకే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి వీధిలోకి చూశాడు.

రాజారత్నం నవ్వలేదు. ఇవాళ కాక ఇంకొక్క రోజుంది. చేతిలో ఉన్నది వంకర సున్నలు, విరిగిన కట్టరు, చలి జ్వరం తగులుకున్న మిషను. శనివారం వట్టి చేతులతో వెళ్ళి, కుదరలేదండి అని ఆశీర్వాదం మాస్టారి ముందు నిలబడాలి. అంతకన్నా, ఏం రాశారురా అని ఆవిడ అడిగితే? ఏం చెప్పాలి? కోపం, సిగ్గు, భయం అన్నీ ఒక్కసారి ముంచుకొచ్చాయి. ఏం చేస్తున్నాడో తెలియకుండానే, వణుకుతున్న బల్లకి అరచెయ్యి అడ్డం పెట్టి, నోరు ముయ్యమన్నట్టు గట్టిగా నొక్కాడు.

వణుకు ఆగిపోయింది.

చెయ్యి తీశాడు. మొదలైంది. నొక్కాడు. ఆగింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చలపతిరావు స్టూలు మీంచి లేచొచ్చి తన చెయ్యి పెట్టి నొక్కి చూశాడు.

"ఒకవైపుకి నెట్టి ఉంచితే నట్టు స్క్రూకి ఆనుకునే ఉంటదిరా," అన్నాడు చలపతిరావు. "ఇక ఉత్తినే తిరగడానికి సందేదీ?"

"అంటే లూజుని కనిపెట్టడం కాదు మన పని." రాజారత్నం చెయ్యి తియ్యకుండానే మాట్లాడుతున్నాడు. "నేను బల్లని చూడమన్నా, నువ్వు మోటారుని చూడమన్నా, లూజు లూజే. దాన్ని తీసెయ్యాలి."

"బాగుంది. శనివారం దాకా ఇలాగే నొక్కుకుని కూచో. చెల్లెమ్మే నోట్లో అన్నం పెడుతుంది."

లోపల్నుంచి దేవకుమారి, "పెడతానన్నయ్యగారూ, ముందు ఆ కిటికీ అద్దాలు పగలకుండా చూడండి," అంది.

కాసేపటికి చలపతిరావే తేల్చాడు. నొక్కే చేతికి బదులు బరువు వేలాడదీస్తే సరి. బల్లకి తాడు కట్టి, కప్పీ మీదుగా కిందికి వదిలి, చివర బరువు కడితే రాత్రీ పగలూ అలుపు లేకుండా ఒకవైపుకే లాగుతూ ఉంటుంది. బల్ల ఎటు వెళ్ళినా, ఎటు మళ్ళినా నట్టు ఆనుకునే ఉంటుంది. దుగ్గిరాలలో తన బావమరిదికి పసుపు కొట్టుంది. అక్కడ కాటా రాళ్ళకి కొదవ లేదు.

"వాడు తూకాలెలా వేస్తాడ్రా?"

"రెండ్రోజులు ఆగుతాడు. పసుపేమన్నా పారిపోద్దా?" అని చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఎన్‌కోడరు ఎక్కడ? నా మోటారుకా, నీ బల్లకా?"

రాజారత్నం ఉక్కుతీగని వేలితో మీటాడు. వీణ తీగలా ఊగింది. ఇలా ఊగేది ఏం లెక్కపెడుతుంది? మోటారుకి పెడితే బెల్టు సాగినా తెలియదు. "స్క్రూ చివర," అన్నాడు. "బెల్టు దాటాక, నట్టుకి ముందు. స్క్రూకే నేరుగా బిగిద్దాం. నీదీ కాదు, నాదీ కాదు."

"నాకే దగ్గర," అని చలపతిరావు దుగ్గిరాల బస్సుకి వెళ్ళిపోయాడు.

*

అంతా బాగానే ఉంది గానీ, తెల్లారితే మంచి శుక్రవారం, యేసుని సిలువకి మేకులు కొట్టిన రోజు.

"రేపు మిషను ముట్టుకోడానికి వీల్లేదు," అంది దేవకుమారి గురువారం పొద్దుపోతుండగా. "మేకులూ సుత్తులూ అసలే వద్దు." వాళ్ళమ్మ ఆ రోజున ఇంట్లో సుత్తి కనపడనిచ్చేది కాదు. మేకు కొట్టిన చప్పుడు వినిపిస్తే ఎవరింటిదైనా సరే వెళ్ళి ఆపించి వచ్చేది. రాజారత్నం కూడా ఆ రోజు మేకు కొట్టి ఎరగడు. ఇప్పుడు నోరు తెరిచి అడగలేకపోయాడు. అడగలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కాటా రాళ్ళ సంచీ వసారాలో దభీమని దించిన చలపతిరావుకి సంగతి అర్థమైంది. "చెల్లెమ్మా, ఆ పట్టింపు నాకు లేదుగా? నువ్వు వీణ్ణి తీసుకెళ్ళి చర్చిలో కూచోబెట్టు. మేకులు నేను కొడతా. పాపమొస్తే రేపల్లె పట్టుకుపోతా."

దేవకుమారి నవ్వాలా వద్దా అని చూసి, "కిటికీలు వేసుకుని కొట్టండన్నయ్యగారూ," అంది.

శుక్రవారం తెనాలి చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురి ప్రసంగాలు. ఉపవాసం, పైన ఉక్క. రాజారత్నం చేతిలో విసనకర్ర ఆడుతోంది గానీ మనసంతా వసారాలో ఉంది. వాడు రేకు ముక్కలు వాడతాడో, మందం ఇనప యాంగిలు వాడతాడో. చక్రం స్క్రూకి సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే చుట్టు చుట్టుకీ లెక్క అటూ ఇటూ అవుతుంది. అన్నిటికన్నా, తను లేనిది చూసి వాడు మళ్ళీ మోటారు తోకకే బిగించేస్తేనో? నాలుగో మాట మీద ప్రసంగం మంచి పట్టులో ఉండగా ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, వాడు మోటారుకి పెట్టకుండా చూడు," అని ప్రార్థించాడు. వెంటనే సిగ్గేసింది. పక్కనే దేవకుమారి తెల్లచీర కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

ఇంటికొచ్చేసరికి వసారా ఊడ్చి ఉంది. యాంగిలు ముక్కలకి ఎన్‌కోడర్లు, రెండు స్క్రూల చివరా, తొణక్కుండా కూర్చున్నాయి. పాత సైకిలు హబ్బులు రెండు కప్పీలుగా బిగించి, వాటి మీదుగా నులకతాళ్ళు, తాళ్ళ చివర పసుపు పట్టిన కాటా రాళ్ళు. చలపతిరావు చేతులు మోచేతుల దాకా పసుపు.

"తిప్పి చూశావా?"

"నువ్వు లేకుండా ఎలా తిప్పుతాన్రా?" అన్నాడు చలపతిరావు. నిన్న పకోడీల గురించి అన్న మాట గుర్తొచ్చి రాజారత్నం నొచ్చుకున్నాడు.

ముగ్గురూ మిషను చుట్టూ నిలబడ్డారు. ఎవరూ మీట మీద చెయ్యి వెయ్యలేదు. పండగ పట్టింపు పట్టింపే. చివరికి దేవకుమారే అటు తిరిగి, గోడతో చెబుతున్నట్టు అంది. "ఒక్క సున్న తిప్పండి. ఆవిడ పేరు కోసమేగా. దేవుడేం అనుకోడు."

మోటారు ఒకవైపు వెళ్ళేటప్పుడు బరువు ఎత్తలేక కాస్త మూలిగింది, రెండోవైపు తేలిగ్గా వెళ్ళింది. వణుకు లేదు. కట్టరు ఒక చుట్టు తిరిగి పైకి లేచింది. రాజారత్నం పొడి ఊదడానికి భయపడ్డాడు. దేవకుమారి ఊదింది, కొంగుతో తుడిచింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఇది సున్న," అంది.

అమ్మయ్య! రాజారత్నం ఉన్నవాడున్నట్టు నేల మీద కూలబడ్డాడు. ఆదివారం నుంచి గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. నవ్వొస్తోంది, ఆకలేస్తోంది, కళ్ళలో నీళ్ళూ తిరుగుతున్నాయి. "ఇడ్లీలా ఉందిరా, ఇడ్లీలా!" అని చలపతిరావు ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు. తెల్లచొక్కా మీద అయిదు వేళ్ళూ పసుపచ్చగా అచ్చుపడ్డాయి.

శనివారం పొద్దున్నే అసలు పలక బిగించారు. 'జ్ఞానమ్మ' అని పెద్దగా, దాని కింద 'బైబిలు స్త్రీ' అని, ఆ కింద చిన్నక్షరాలతో 'ఈ పల్లెకు అక్షరాలు నేర్పిన అమ్మ' అని. ఆ మూడో వరస మాటలు దేవకుమారివే. మధ్యలో ఒకసారి వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసించింది. ముగ్గురూ ఊపిరి బిగపట్టి బల్బుకేసి చూశారు. బల్బు ఎర్రబడి, కాసేపు ఊరించి, మళ్ళీ వెలిగింది. ఆఖరి 'మ్మ' కింద వత్తు తోక దాకా వచ్చి కట్టరు పైకి లేచేసరికి వసారా నిండా బంగారం చల్లినట్టు ఇత్తడి పొడి.

*

పలకని దుప్పట్లో చుట్టి రేపల్లె బండెక్కారు, చలపతిరావుతో సహా. సాయంత్రానికి పల్లెలో ఉన్నారు. చర్చిలో ఆశీర్వాదం మాస్టారు ఒక్కరే ఉన్నారు, పూలకుండీలు సర్దిస్తూ.

ఆయన పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. చిటికెన వేలి గోరు ప్రతి వంపులోనూ పెట్టి, మొదటి నుంచి చివరిదాకా, లేఖనం చదివినంత నెమ్మదిగా గీసుకుంటూ వెళ్ళారు. రాజారత్నం చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పరీక్ష పేపరు దిద్దుతుంటే నిలబడ్డట్టు.

"సరే," అన్నారు మాస్టారు. "రండి."

తలుపు పక్క గోడకి బెజవాడ పలక అప్పటికే ఎక్కింది, తలెత్తి చూడాల్సినంత ఎత్తున, తళతళలాడుతూ. దానికి చాలా కింద, నడుము ఎత్తున, గోడలో మరో గూడు చెక్కి ఉంది. అది చూడగానే రాజారత్నానికి కోపం నెత్తికెక్కింది. పెద్దాయనన్న మర్యాద కూడా మర్చిపోయాడు.

"ఇదేంటండీ మాస్టారూ? కుర్చీలిచ్చినవాళ్ళు నెత్తి మీదా, ఆవిడ నడుం దగ్గరా? చెప్పులు విడిచే చోట పెడతారా ఆవిడ పేరు?"

చలపతిరావు ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. మాస్టారికి కోపం రాలేదు. గూట్లో చెయ్యి పెట్టి సిమెంటు పొడి దులిపారు.

"సోమవారమే చెక్కించాను," అన్నారు. "నువ్వు తెస్తావో తేవో అప్పటికి తెలీదు."

"అయినా అంత కిందేంటండీ?"

"ఆవిడకి కళ్ళు కనపడవు కదబ్బాయ్. నడుం వంగిపోయింది. చేతికి అందాలిగా."

రాజారత్నం వంగి గూట్లో అరచెయ్యి ఆనించి చూశాడు.

"అందంగా లేకపోతే వద్దన్నదీ అందుకే," అన్నారు మాస్టారు పలకని దుప్పట్లోంచి పూర్తిగా బయటికి తీస్తూ. "చూసేవాళ్ళైతే వంకరగా ఉన్నా సర్దుకుపోతారు. ఆవిడ వేళ్ళు సర్దుకుంటాయా? నా చేత ఒక్క 'అ' ఎన్ని సాయంత్రాలు దిద్దించిందో నీకేం తెలుసు. ఆ మాట ఆదివారం అందరి ముందూ చెప్పాల్సింది. నోరు రాలేదు." తర్వాత మేస్త్రిని పిలవడానికి గబగబా బయటికి వెళ్ళిపోయారు.

ఈస్టరు పొద్దున చర్చి కిక్కిరిసింది. పై పలక మీది తెర పాస్టరు అయ్యగారు తీశారు, అందరూ చప్పట్లు కొట్టారు. కింది పలకకి తెర లేదు. ఆశీర్వాదం మాస్టారు జ్ఞానమ్మగారిని రెక్క పట్టుకుని నడిపించుకొచ్చి, ఆవిడ చెయ్యి తీసి ఇత్తడి మీద పెట్టారు.

వేళ్ళు కాసేపు చల్లదనాన్ని తడుముకున్నాయి. తర్వాత చూపుడువేలు మొదటి అక్షరం గాడి పట్టుకుంది. వంపు వెంట వెళ్ళింది, మళ్ళింది, కిందికి దిగింది. ఎక్కడా ఆగలేదు. 'మ్మ' దగ్గరికొచ్చేసరికి ఆవిడ పెదాలు కదిలాయి.

"నా పేరేనర్రా ఇది!" అంది. "ఇంత పెద్దగా ఎందుకు రాశార్రా, ఇత్తడి దండగ." చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఎవరిదీ చేతిరాత?"

"మా ఆవిడ రాసిందండి. చెక్కింది మిషను," అన్నాడు రాజారత్నం.

"మిషనుకి అక్షరాలు ఎవరు నేర్పారు?"

"నేనూ, చలపతీనండి."

"నీకు?"

రాజారత్నం చెప్పబోయాడు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. వేలు రెండో వరస మీదికి దిగి, మొదటి అక్షరం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

గంట కొట్టే మనిషి తలుపు దగ్గరికొచ్చి, వేళయిందన్నట్టు చూశాడు. అయ్యగారు ఆశీర్వాదం మాస్టారి వైపు చూశారు. మాస్టారు చేత్తో ఆగమని సైగ చేశారు. ఇంకా ఒక వరస ఉంది. ఆ రోజు ఆరాధన ఆలస్యంగా మొదలైంది.